ఓడిపోవాల్సిన తమ్ముడు

జూలై 18, 1992, శనివారం. గిరావీన్

ఈ డైరీ బ్యాంకు వాళ్ళు మా అల్లుడు శౌరయ్యకు ఊరికే ఇచ్చారు. అతను నాకిచ్చాడు. ఇచ్చి, "ఖాళీగా కూర్చునే బదులు ఏవన్నా రాసుకోండి అత్తయ్యా" అన్నాడు. గుంటూరులో ఆడపిల్లలకు ముప్పై ఏళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పాను. ఖాళీగా కూర్చోవడం మాత్రం సిడ్నీ వచ్చాకే నేర్చుకున్నాను. ఏడున్నరకల్లా ఏసుమణి ఆసుపత్రికి, శౌరయ్య ఆఫీసుకి, మనవరాలు జెన్సీ బడికి. నాకు మిగిలేది పెరట్లో బట్టలారేసే ఇనుప గొడుగు, చెక్కల కంచె, కంచె అవతల ఉమ్ హుస్సేన్.

ఉమ్ హుస్సేన్ అంటే హుస్సేను తల్లి అని అర్థం. నీ సొంత పేరేమిటని మొదట్లో ఒకసారి అడిగితే కాసేపు ఆలోచించుకుంది. మా నాయనమ్మనూ అంతే, దానయ్య తల్లి అనేవాళ్ళు. సమాధి రాయి మీద పేరు చెక్కించాల్సి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడ్డారు. అందుకేనేమో మా ఇద్దరికీ ఇట్టే కుదిరింది. ఆవిడది లెబనాన్‌లో బెకా లోయ. యుద్ధం మొదలైనప్పుడు పన్నెండేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చేసిన షియా ముస్లిం. నేను లూథరన్ మిషన్ బడిలో మోకాళ్ళ మీద నిలబడి చదువుకున్నదాన్ని. ఆవిడ ఇంగ్లీషులో క్రియలుండవు. నా ఇంగ్లీషులో అవి మరీ ఎక్కువని జెన్సీ అంటుంది. ఆవిడ మాటలు ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను కనక క్రియలన్నీ నావే.

రోజూ మూడింటికి ఆవిడ పెరట్లో టీ. చిన్న గాజు గ్లాసుల్లో, పుదీనా వేసి, పంచదార పాకంలా. నాకు ఆ టీ పడదు. రోజూ తాగుతున్నాను.

ఇవాళ కొత్తగా రంగు వేయించిన గది చూపించింది. ఆకుపచ్చ గోడలు, మంచం, దిండు, దిండు గలీబు మీద తన చేత్తో కుట్టిన పువ్వులు. ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు యూసుఫ్ సెప్టెంబరులో వచ్చేస్తున్నాడు, ఇక్కడే ఉండిపోవడానికి. వీసా చేతికొచ్చింది. బడిపంతులు, భార్య పోయింది, పిల్లల్లేరు. అక్కాతమ్ముళ్ళు చూసుకుని పదహారేళ్ళు.

"ఇక పొద్దస్తమానం వాడూ నేనూ అరబ్బీలో మాట్లాడుకుంటాం టీచర్. దవడలు నొప్పెట్టేదాకా" అంది.

చాలా సంతోషం. గుర్తుండాలని రాసి పెట్టుకుంటున్నాను. చాలా సంతోషం.

జూలై 19

చర్చి. చలి. ఆ గదికి ఆకుపచ్చ నప్పలేదు.

జూలై 24

ఇంట్లో రభస. జెన్సీని బడి నాటకంలో రాణి వేషానికి తీసుకున్నారు. స్నేహితురాళ్ళతో కలిసి ఆ జరీ గౌను వేసుకునే ఇంటికొచ్చింది. గేటు దగ్గర ఉమ్ హుస్సేన్ ఎదురై, ఎగాదిగా చూసి, "అబ్బ, ఎంత వికారంగా ఉన్నావే. ఎండు పుల్లలాగా" అని, పక్కకి తిరిగి థూ థూ అంది.

"అమ్మమ్మా, షీ కాల్డ్ మి అగ్లీ. ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీబడీ" అని జెన్సీ ఏడుపు.

"ఆవిడ ఇంటికి వెళ్ళొద్దంటే వినవు కదమ్మా" అని ఏసుమణి నా మీద.

నేను కూర్చోబెట్టి చెప్పాను. అది దిష్టి తగలకుండా అనడం. పిల్ల బాగుందని పైకంటే వినకూడని చెవులు వింటాయి, పడకూడని కళ్ళు పడతాయి. అందుకని మనసులో ఎంత మురిసిపోతే నోటితో అంత తిడతారు. మా మేనమామకి ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని పెంటయ్య అని పెట్టారు. బాప్తిస్మం ఇస్తున్న దొరగారు ఆ పేరుకి అర్థమేమిటని అడిగి, చెబితే నమ్మక, మళ్ళీ అడిగి, చివరికి కళ్ళు మూసుకుని నీళ్ళు చల్లాడు. పెంటయ్య మామయ్య తొంభై ఏళ్ళు బతికి, ఇంకా బతికేవాడే, మామిడిచెట్టు ఎక్కకపోతే.

"దట్స్ సో వియర్డ్" అంది జెన్సీ. కానీ వెళ్ళి అద్దంలో చూసుకుంది.

నిజానికి ఆవిడ థూ థూ అంటున్నప్పుడు నేను కిటికీలోంచి చూస్తున్నాను. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం ఆవిడ చూసింది, తనూ నవ్వింది. భూగోళానికి అటు చివరా ఇటు చివరా ముసలమ్మలు దేవుణ్ణి ఒకే పద్ధతిలో మోసం చేస్తున్నారన్నమాట.

జూలై 29

పక్కింటి ముందు వీధి పొడవునా కార్లు. రెండు వీధుల అవతల కాపురముండే హుస్సేను తన కార్ల షెడ్డు మూసేసి మరీ వచ్చాడు, చేతులకు కారు రంగుతోనే. సంగతేమిటంటే లెబనాన్‌లో ఇరవై ఏళ్ళ తర్వాత ఎన్నికలు. షియాల పార్టీ హెజ్బొల్లా వాళ్ళు మొదటిసారి పార్లమెంటుకి నిలబడుతున్నారు. నిన్నటిదాకా ఈ సభ మనది కాదన్నవాళ్ళు, లోపలికి వెళ్ళాలా వద్దా అని తమలో తామే వాదించుకుని, వెళ్ళాలని తేల్చుకున్నారు. ఇక లోపలికి పంపడానికి ఊరందరూ నమస్కారం పెట్టే మనిషి కావాలి. సగం ఊరికి అక్షరాలు దిద్దించిన బడిపంతులైతే సరిపోతాడు కదా. యూసుఫ్ పేరు జాబితాలోకి ఎక్కింది.

ఉమ్ హుస్సేన్ వచ్చినవాళ్ళందరికీ టీలు పోస్తోంది. అందరూ అభినందిస్తున్నారు. ఆవిడ మొహం పంటి నొప్పి ఉన్నవాళ్ళ మొహంలా ఉంది.

రాత్రి భోజనాల దగ్గర శౌరయ్యకి ఆ దేశపు లెక్క చెప్పాను. సభలో సగం సీట్లు క్రైస్తవులకి, సగం ముస్లింలకి. ఆ సగంలో మళ్ళీ షియాలకిన్ని, సున్నీలకిన్ని. ఈ సగంలో మళ్ళీ ఏ చర్చి వాళ్ళకి ఎన్నని. పైగా ఏ ఓటరైనా తన ప్రాంతంలోని అన్ని సీట్లకీ ఓటెయ్యాలి, మన రిజర్వుడు నియోజకవర్గంలో అందరూ వేసినట్టే. కనక షియాల పార్టీ జాబితాలో కూడా సున్నీలూ క్రైస్తవులూ ఉండి తీరాలి.

"మతాన్ని బట్టి సీట్లేంటండీ, మరీ విడ్డూరం కాకపోతే" అని నవ్వాడు.

"మన టూంగాబీ తెలుగు ఫెలోషిప్ కమిటీ మాటేమిటయ్యా? ప్రెసిడెంటు లూథరన్ అయితే సెక్రటరీ బాప్టిస్టు. కోశాధికారి పెంతెకొస్తు. సాల్వేషన్ ఆర్మీ వాళ్ళకి కుర్చీలు సర్దే శాఖ. లెబనాన్ వాళ్ళకి కనీసం రాజ్యాంగం ఉంది."

శౌరయ్య ఫెలోషిప్‌కి జాయింటు సెక్రటరీ. పెరుగు కలుపుకున్నాడు.

జూలై 31

ఇవాళ టీ దగ్గర ఉమ్ హుస్సేన్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. తమ్ముడు ఓడిపోవాలట.

"గెలిస్తే వాడింక రాడు. సభ నాలుగేళ్ళు. ఆ తర్వాత మళ్ళీ నిలబడమంటారు. నాకెన్నేళ్ళు మిగిలాయి టీచర్? ఓడిపోతే సెప్టెంబరులో విమానం ఎక్కుతాడు. గదికి రంగు కూడా ఆరిపోయింది."

నేను ప్రాతినిధ్యం గురించి చెప్పాను. రోడ్డు లేని ఊళ్ళు, వైద్యుడు లేని లోయ, ఎన్ని తరాలుగానో బేరూత్‌లో ఎవరూ పేరు పెట్టి పిలవని జనం, వాళ్ళ తరఫున ఒక చదువుకున్న గొంతు సభలో లేవడమంటే ఎంత మాట అని. బాగా చెప్పాను. గుంటూరులో అయితే ఆడపిల్లలు రాసుకునేవాళ్ళు.

ఆవిడ ఆఖరిదాకా విని, "లోయకి వేరే గొంతులున్నాయి. నాకు ఒక్కడే తమ్ముడు" అంది.

నేను చెప్పింది పూర్తిగా సిద్ధాంతం. అతను అక్కడే ఉండిపోతే నాకొచ్చేదేముంది? ఏమీ లేదు. టీ కూడా పడదు నాకు.

ఆగస్టు 3

శౌరయ్యకు భయం పట్టుకుంది.

"తుపాకులోళ్ళ గొడవ మనకెందుకత్తయ్యా? రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఏవైనా అడిగితే ఏం చెప్పమంటారు?"

"పుదీనా టీ తాగామని చెప్పు."

"నవ్వులాట కాదండీ."

"తుపాకులున్నవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చుంటామంటే కూర్చోనివ్వాలయ్యా. కూర్చున్నాక ఎవరికైనా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఆవలింతలొస్తాయి, పక్కవాడితో కబుర్లు మొదలవుతాయి. చివరికి ఏమవుతుందో నాకు తెలియదు, నా పుస్తకాలకీ తెలియదు. తరగతి గదిలో మాత్రం చాలామంది రౌడీలు అలాగే దారికొచ్చారు."

అతను టీవీ పెట్టుకున్నాడు.

ఆగస్టు 6

ఆవిడ దగ్గర ఉపాయం ఉంది. అక్కడ ఓటు కాగితం ప్రభుత్వం అచ్చెయ్యదట. పార్టీ వాళ్ళే తమ పేర్ల వరస అచ్చేసి చేతికిస్తారు. ఓటరు అందులో నచ్చని పేరు గీత పెట్టి కొట్టేసి, మీద ఇంకొకడి పేరు రాసి, పెట్టెలో వేసుకోవచ్చు. సొంత పార్టీవాణ్ణి సొంతవాళ్ళే కొట్టేయడం అక్కడ మామూలేనట. ఇంత గొప్ప సదుపాయం నా పాఠ్యపుస్తకాల్లో లేదు.

ఊళ్ళో సగం వాళ్ళ ఇంటి వాళ్ళే. ఆడవాళ్ళందరికీ ఈవిడ పెద్దక్క. ఈవిడ చెబితే యూసుఫ్‌ని కొట్టేసి, పోటీలో ఉన్న పళ్ళ డాక్టరు పేరు రాస్తారని ఆవిడ లెక్క. మిగతా జాబితా జోలికి వెళ్ళరు. పార్టీ గెలుస్తుంది, తమ్ముడు ఓడతాడు, హుస్సేనుకి తెలియదు, అల్లా క్షమిస్తాడు.

"ఇది కుదురుతుందా టీచర్? నువ్వు చదువుకున్నదానివి."

శాస్త్రప్రకారం కుదురుతుందని చెప్పాను. శాస్త్రం అడిగితే చెప్పకుండా ఉండలేను. అదే నాలో లోపం.

ఆగస్టు 9, ఆదివారం

చర్చికి వెళ్ళకుండా కడుపునొప్పి అని చెప్పి పక్కింట్లో కూర్చున్నాను. ఇవాళ హుస్సేను రాడు, పిల్లల్ని తీసుకుని పార్కుకి వెళ్ళాడు. ఇదే సమయమని ఆవిడ ఫోన్ తిప్పింది.

ఆ ఊరంతటికీ పనిచేసే ఫోన్ ఒక్కటే ఉంది, కిరాణా కొట్లో. కొట్టువాడు ఆడవాళ్ళ కోసం పిల్లల్ని పరిగెత్తించాడు. లైను పట్టుకుని మేమిద్దరం ఎదురుచూశాం. ఆ చివర కోళ్ళు అరుస్తున్నాయి. తర్వాత ఊరు ఊరంతా వచ్చినట్టు ఒకటే గోల. ఆవిడ లేచి నిలబడి, రిసీవరు రెండు చేతులా పట్టుకుని కేకలేసింది. ఇంత రహస్యపు ప్రచారం నేనెక్కడా చూడలేదు. మా ఇంట్లో కుక్క ఉంటే మొరిగేది.

పెట్టేశాక నాకు చెప్పింది. "యూసుఫ్ వట్టి మొద్దు అన్నాను. నలుగురిలో నోరు పెగలదు, సభకి వెళితే పరువు తీస్తాడు, వాడి పేరు కొట్టేయండి, పెద్దక్కగా చెబుతున్నాను అన్నాను."

"వాళ్ళేమన్నారు?"

"అలాగే అక్కా, అలాగే అన్నారు. నీ నోరు చల్లగా ఉండాలి, మేం చూసుకుంటాం అన్నారు. మా పినతల్లి కూతురు ఏడ్చింది."

"ఎందుకేడ్చింది?"

"ఏమో. లైను బాగాలేదు."

ఆగస్టు 10

ఆ ఏడ్చిన మనిషి గురించి ఆలోచిస్తున్నాను.

ఎందుకో పెంటయ్య మామయ్య గుర్తొచ్చాడు. రాజనీతిశాస్త్రంతో సంబంధం లేని విషయం.

ఆగస్టు 13

ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఇంకా ముందుకెళ్ళి, తమ్ముడు మెల్లకన్ను వాడనీ, చిన్నప్పుడు గాడిద మీంచి పడి తల దెబ్బతిందనీ చెప్పిందట. వాళ్ళు అక్కణ్ణించి దీవెనలు కురిపించారట. మొత్తం ఇంటి ఆడవాళ్ళు, మంచం పట్టిన ముసలివాళ్ళు కూడా, ఎలాగైనా పోలింగుకి వెళ్తామని ఒట్టేశారట.

"చూశావా, నా మాటంటే ఎంత గురో" అని మురిసిపోయింది. ఆకుపచ్చ గదికి కర్టెన్లు కుడుతోంది.

నేను చెప్పబోయాను. నిజంగా నోరు తెరిచాను. ఈలోగా ఆవిడ నువ్వులూ ఏదో ఎండు ఆకూ చల్లిన వేడి రొట్టె తెచ్చి పెట్టింది. నోట్లో తిండి ఉండగా మాట్లాడకూడదని మిషన్ బడిలో నేర్పారు.

ఆగస్టు 17

ఇవాళా చెప్పలేదు.

ఇవాళ రొట్టె కూడా లేదు.

ఆగస్టు 20

ఒక పరిశీలకురాలు ఎన్నికల్లో జోక్యం చేసుకోకూడదు. ఇది అంతర్జాతీయ నియమం. ఉమ్ హుస్సేన్‌కి సలహా ఇచ్చినప్పుడు ఈ నియమం గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆగస్టు 23, ఆదివారం

బెకాలో పోలింగ్. చర్చిలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పదలుచుకున్నవాళ్ళు లేవండన్నారు. నా వైపే చూసినట్టనిపించింది. పాటల పుస్తకం తెరుచుకున్నాను.

ఆగస్టు 25

గెలిచాడు.

సాయంత్రం వార్తల్లో చెప్పారు. హెజ్బొల్లావాళ్ళతో పాటు వాళ్ళ జాబితాలోని మిత్రులు కూడా నెగ్గారు. చాలా ఊళ్ళలో క్రైస్తవులు ఎన్నికలే బహిష్కరించారు, అది వేరే కథ. "నెగ్గినవాళ్ళలో కొందరు షియాలు కానే కాదంట కదండీ" అన్నాడు శౌరయ్య, ఈ నెల్లాళ్ళుగా తానే పాఠం చెబుతున్నట్టు.

పక్కింటి ముందు హారన్లు, చప్పట్లు, ఆడవాళ్ళ కూతలు. హుస్సేను మా ఇంటిక్కూడా పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, మా మామయ్యకి మా సొంతూళ్ళో ఎవరికీ రానన్ని ఓట్లొచ్చాయి. ఒక్కళ్ళు కూడా గీత పెట్టలేదు, కెన్ యూ బిలీవ్ ఇట్? మంచాల మీద మోసుకొచ్చి మరీ వేయించారంట" అన్నాడు.

నమ్మగలను.

ఉమ్ హుస్సేన్ కంచె మీంచి మిఠాయి పళ్ళెం అందించింది. పూతరేకుల్ని నేతిలో ముంచి పిస్తా పలుకులు చల్లినట్టుంది. ఎంపీ అక్కగారు కనక కొత్త గౌను వేసుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి. అందరూ ఆనందబాష్పాలనుకుంటున్నారు.

"శుభం" అన్నాను. ఆవిడ పళ్ళెం వైపే చూసింది.

ఆగస్టు 27

పట్టుబడ్డాను.

మూడింటికి వెళ్ళేసరికి టీ పోసి ఉంది కానీ ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు. పొద్దున్న ఆ పినతల్లి కూతురు ఫోన్ చేసిందట.

"ఏమందో తెలుసా టీచర్? అక్కా, ఇన్నేళ్ళు పరాయి దేశంలో ఉన్నా మన ఆచారం మరిచిపోలేదు, తమ్ముడికి దిష్టి తగలకూడదని ఊరందరూ వింటుండగా ఎంత చక్కగా తిట్టావు, విని ఏడుపొచ్చింది అంది. నువ్వు మెల్లకన్ను అన్న రోజు నుంచి మాకు నిద్రపట్టలేదు, ఇంత ప్రేమ ఉన్న అక్క కోసమైనా గెలిపించాలనుకున్నాం అంది."

నేను గ్లాసులో పుదీనా ఆకుని చెంచాతో అటూ ఇటూ తిప్పాను.

"నాకు తోచలేదు. వాణ్ణి ఓడించాలన్న ఆత్రంలో నాకు తోచలేదు. మీ దేశంలో ఇలాంటి ఆచారం ఉందా టీచర్?"

"ఏమో" అన్నాను. "ఉండొచ్చు. కొన్ని జిల్లాల్లో."

ఆవిడ నా చేతిలోంచి చెంచా తీసుకుని పక్కన పెట్టింది.

"మీ మనవరాలు రాణి గౌను వేసుకున్న రోజు నేను వికారంగా ఉన్నావన్నాను. నువ్వు కిటికీలోంచి నవ్వావు."

ఆవిడ లేచి రెండు గ్లాసులూ లోపలికి తీసుకెళ్ళింది. నాది ఇంకా సగం ఉంది.

ఆగస్టు 28

మూడయింది. నాలుగయింది.

ఆగస్టు 30

ఇంట్లో టీ పెట్టుకున్నాను. పంచదార బాగా వేశాను. పుదీనా లేదు. నాకు ఆ టీ ఎప్పుడూ పడలేదు కనక తేడా తెలియకూడదు.

సెప్టెంబరు 1

ఉమ్ హుస్సేన్ బట్టలారేసుకుంటోంది. నేనూ ఆరేసుకున్నాను. ఒక దుప్పటికి అంత సేపు పట్టదు, ఇద్దరికీ తెలుసు.

"జస్ట్ సే సారీ అమ్మమ్మా. ఇట్స్ నాట్ దట్ హార్డ్" అంది జెన్సీ. పదహారేళ్ళ పిల్లకి ఏదీ కష్టం కాదు.

సెప్టెంబరు 2

సున్నుండలు చేసుకుని వెళ్ళాను. కంచె దగ్గరికి కాదు, వీధి గేటు తీసుకుని, ముందు తలుపు కొట్టి. ఇన్ని నెలల్లో ఆ తలుపు కొట్టడం ఇదే మొదలు.

దారిలో మంచి ప్రసంగమే సిద్ధం చేసుకున్నాను. స్త్రీల ఓటు, వ్యక్తిగత కోరికకీ ప్రజాభీష్టానికీ మధ్య ఘర్షణ, అందులో పరిశీలకుల పాత్ర. ఆవిడ తలుపు తీసింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"నీ తమ్ముడొస్తే మూడింటికి నాకు టీ ఎవరిస్తారు?"

ఆ వాక్యం ఇంగ్లీషులో సరిగా ఉందో లేదో చూసుకోలేదు. ఆవిడకి అర్థమయింది.

"అదా" అంది.

చెయ్యి పట్టుకుని ఆకుపచ్చ గదిలోకి లాక్కెళ్ళింది. తమ్ముడి మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద గుడ్డ కప్పిన పళ్ళెం. గుడ్డ తీసింది. బంగారు అంచు ఉన్న టీ గ్లాసులు, కొత్తవి.

మూడు.

"జూన్‌లోనే కొన్నాను, వీసా వచ్చిన రోజున" అంది. "వాడికి ఫ్రెంచి వచ్చు, నీకు అన్ని సంగతులూ వచ్చు, మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే నేను వినొచ్చనుకున్నాను. చదువుకున్నదానివి, ఇంత తెలివితక్కువదానివేంటి?"

ఈ ప్రశ్నకి గుంటూరులోనూ ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

మంచం మీద చెరో పక్క కూర్చుని సున్నుండలు తిన్నాం. కాసేపు తమ్ముడి కోసం ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎవరి కోసమో తెలియకుండా. తర్వాత ఆవిడ ముక్కు తుడుచుకుని, "వాడు రాలేకపోతే నేనే వెళ్తాను. వాడికి ఇల్లాలు లేదు. ఎంపీ ఇంటికి పొద్దున్నుంచీ అర్జీలు పట్టుకుని జనమొస్తారు. వాళ్ళకి టీలెవరు పోస్తారు? ముందు గదిలో పెద్ద ఆడమనిషి కూర్చోకపోతే ఇంటికి మర్యాదేముంది?" అంది.

"ఎప్పుడొస్తావు?"

"రంజానుకి. లేదా ఆ తర్వాత."

చాలా సంతోషం అన్నాను. ఈసారి ఆవిడ నా మొహం చూసి నవ్వింది. దవడని చేత్తో నొక్కిపెట్టుకుని, నవ్వలేనట్టు నవ్వింది.

సెప్టెంబరు 8

ప్రయాణం సన్నాహాలు. ఆవిడ పెట్టెలో నా కారప్పొడి సీసా కూడా సర్దింది. సభ్యులవారికి పంపిస్తున్నాను. షియా ఉద్యమపు పార్లమెంటరీ పక్షానికి గుంటూరు నుంచి ఇదే మొదటి సహకారం.

శౌరయ్యకి చెప్పలేదు.

సెప్టెంబరు 12, శనివారం

వెళ్ళిపోయింది.

హుస్సేను కారు బయట పెట్టాడు. సగం వీధి లెబనాన్ వాళ్ళే వచ్చారు, మేమూ నలుగురం వెళ్ళి నిలబడ్డాం. అందరినీ ముద్దు పెట్టుకుంది. ఆఖరున నా ముందుకొచ్చి ఆగింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. వీధి చివరిదాకా వినపడేలా మొదలెట్టింది.

"ఇంత పనికిమాలిన పొరుగు మనిషిని ఈ దేశంలో ఇంకెక్కడా చూడలేదు. మొహం చూడు, ఎండిన నిమ్మకాయలాగా. నోరు మూతపడదు. వంట రాదు. అబద్ధాలకోరు. ఆరోగ్యం అసలే లేదు, నేనొచ్చేలోపల ఎప్పుడో గుటుక్కుమంటుంది. థూ, థూ."

హుస్సేను మొహం తెల్లబోయింది. "మమ్, ప్లీజ్, షీస్ యువర్ ఫ్రెండ్" అన్నాడు. ఏసుమణి ముందుకు కదలబోతే జెన్సీ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇట్స్ ఓకే మమ్మీ. షీ రియల్లీ, రియల్లీ లైక్స్ హర్."

నేనూ నడుం మీద చేతులు పెట్టుకున్నాను.

"నీ టీ కషాయం" అన్నాను. "నీ ఇంగ్లీషు వినలేక చచ్చాను. నువ్వు కూర్చుంటే ఆ విమానం పైకి లేవదు. అక్కడే ఉండిపో, నా ప్రాణానికి హాయి."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, నా చేతిలో ఇంటి తాళంచెవి పెట్టి కారెక్కింది. పుదీనాకి రోజూ నీళ్ళు పోయాలట. ఆకుపచ్చ గది కిటికీ వారానికోసారి తెరవాలట.

మధ్యాహ్నం శౌరయ్య నెమ్మదిగా కదిపాడు. "జెన్సీ పరీక్షలవగానే వెళ్తానన్నారు కదత్తయ్యా, డిసెంబరు టికెట్టు ఖాయం చేసెయ్యమంటారా?"

"పుదీనాకి నీళ్ళెవరు పోస్తారయ్యా?"

అతను ఏసుమణి వైపు చూశాడు. ఏసుమణి అతని వైపు చూసింది. ఇద్దరూ ఏదో నవ్వు మింగారు. మింగనీ.

మూడింటికి తాళం తీసుకుని వెళ్ళాను. బంగారు అంచు గ్లాసులు మూడూ కడిగి, తుడిచి, మళ్ళీ గుడ్డ కప్పాను. పుదీనాకి నీళ్ళు పోశాను. చాలా ఎక్కువ పోశానేమో.

ఉమ్ హుస్సేన్ అంత పనికిమాలిన మనిషిని నేనీ జన్మలో చూడలేదు. తిరిగొచ్చినా రాకపోయినా నాకొకటే. వినేవాళ్ళందరికీ వినపడాలని పెన్ను ఒత్తి మరీ రాస్తున్నాను.